1,695 మిల్లీమీటర్ల లోపల మూడు కార్లు: గేమ్ కోసం కల్పిత జపాన్ సెడాన్ల డైరీ

1988 నాటి జపాన్ రోడ్ల మీద నడిచే ఒక చిన్న డ్రైవింగ్ గేమ్‌కి నాలుగు తలుపుల సెడాన్లు మూడు కావాలి. ఒక్కటీ నిజం కారు కాకూడదు, కానీ చూసినవాళ్ళకి ఆ కాలం జపాన్ కారే అని వెంటనే తెలియాలి. పనిముట్లు మూడే: మోడలింగ్‌కి బ్లెండర్, బొమ్మలకి క్రిటా, గేమ్ ఇంజిన్ గోడో. కారుకి 30,000 ట్రయాంగిల్స్ (మోడల్‌ని కట్టే చిన్న త్రిభుజాలు) దాటకూడదని మొదటే హద్దు పెట్టుకున్నాను. ఒకేసారి తెర మీద పన్నెండు కార్లు తిరగాలి కాబట్టి అది మార్చేది లేదు.

బాగా వచ్చిన వాటి కన్నా చెడిపోయినవే ఎక్కువ రాస్తున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకి అవే అక్కరకొస్తాయి.

దశ 1: పెట్టె

బొమ్మ గీసే ముందు ఒక పన్ను రూలు తెలుసుకోవాలి. జపాన్‌లో చిన్న కార్ల తరగతికి, అంటే అక్కడ 5 నంబర్ అనే తరగతికి, పొడవు 4,700 మి.మీ., వెడల్పు 1,700, ఎత్తు 2,000, పెట్రోల్ ఇంజిన్ 2,000 సీసీ హద్దులు. వీటిలో ఏ ఒక్కటి దాటినా బండి 3 నంబర్ అయిపోతుంది. 1989 పన్ను సంస్కరణ వచ్చేదాకా ఆ గీత దాటితే ఏడాది పన్ను 39,500 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 81,500కి పోయేది. అందుకే కంపెనీలన్నీ గీతకి అయిదో పదో మిల్లీమీటర్లు ఇవతల ఆగిపోయాయి. 1988 టయోటా మార్క్ 2 పొడవు 4,690, వెడల్పు 1,695. అదే ఏడాది నిస్సాన్ సెఫీరో కొలతా అదే. 1987 సెడ్రిక్‌దీ అదే, ఆ ఏడాది క్రౌన్ 5 నంబర్ సెడాన్‌దీ అదే. నాలుగు వేర్వేరు కార్లు, బయటి కొలత మాత్రం ఒక్కటి. తేడా అంతా వీల్‌బేస్‌లో, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరంలో: సెఫీరోకి 2,670, మార్క్ 2కి 2,680, క్రౌన్‌కి 2,730, సెడ్రిక్‌కి 2,735.

నా దృష్టిలో ఆ కాలం జపాన్ సెడాన్ రూపమంతా ఈ పెట్టెలోంచే వచ్చింది. పక్కలు పలక తీరుగా ఉండడం, తలుపులు పల్చగా ఉండడం, బంపర్ మూలలు లోపలికి నొక్కినట్టుండడం, వెడల్పు లేని కారుని వెడల్పుగా చూపించడానికి టెయిల్ ల్యాంపుల మధ్య అడ్డంగా ఒక మెరిసే పట్టీ వేయడం, ఇవన్నీ 1,700 అనే అంకె చేసిన పనులే. గ్రిల్లూ దీపాలూ చూసి కాపీ కొడితే నకలు వస్తుంది. పెట్టె పెట్టుకుని అందులో ఇరుకుపడితే కారు వస్తుంది.

సెటప్ ఇలా:

1. బ్లెండర్‌లో యూనిట్ మీటర్లు, స్కేల్ 1.0. తర్వాత మారిస్తే ఫిజిక్స్ అంతా తేడా కొడుతుంది.
2. 4.690 × 1.695 × 1.385 పెట్టె వైర్‌ఫ్రేమ్‌గా పెట్టి, సెలెక్ట్ అవకుండా లాక్ చేయాలి.
3. టైరు 195/65 ఆర్15. వ్యాసం లెక్క: రిమ్ము 15 × 25.4 = 381, పక్క గోడ 195 × 0.65 = 126.75, రెండు పక్కలకి 253.5. మొత్తం 634.5 మి.మీ. ఆ కొలతకి సిలిండర్లు నాలుగు.
4. వీల్‌బేస్ 2,700. మిగిలిన 1,990లో ముందుకి 840, వెనక్కి 1,150.
5. కుడివైపు సీట్లో 1.70 మీటర్ల మనిషి బొమ్మ. పైకప్పు అతని తల దాటాకే వంగాలి.

ఇక్కడే రెండు గండాలు. మొదటిది ఫోటోలతో. పక్కనుంచి తీసిన పాత బ్రోషర్ ఫోటోని వెనకాల పెట్టుకుని, కారు పొడవు 4,690కి సరిపెట్టి గీస్తే వీల్‌బేస్ ఎంతకీ కుదరలేదు. దగ్గర్నుంచి తీసిన ఫోటోలో ముక్కూ తోకా కెమెరా నుంచి పక్కకి తిరిగిపోతాయి, ఒక చక్రం ఇంకో దానికన్నా పెద్దగా పడుతుంది. ఇప్పుడు ఏ ఫోటో అయినా ముందు రెండు చక్రాల వ్యాసాలూ పిక్సెళ్ళలో కొలుస్తాను. తేడా 1 శాతం దాటితే ఆ ఫోటో కొలతలకి పనికిరాదు, అందాలు చూడ్డానికే. పనికొచ్చే ఫోటోని కూడా పొడవుతో కాదు, టైరుతో సరిపెట్టాలి.

రెండోది వెడల్పు. మొదటి బ్లాకౌట్ (వివరాలు లేని ముతక మోడల్) వెడల్పు చక్రాల పైన ఫెండర్లు ఉబ్బించేసరికి 1,780కి పోయింది. విడిగా చూస్తే బాగానే ఉంది. గేమ్‌లో అంతకుముందే ఉన్న కెయి ట్రక్కు (జపాన్‌లో అన్నిటికన్నా చిన్న తరగతి బండి) పక్కన నిలబెడితే బయటపడింది, అసలు ఈ కాలం కారులా లేదు. కెయి బండికి అప్పటి హద్దు పొడవు 3,200, వెడల్పు 1,400. దాని పక్కన సెడాన్ మూడు వందలు మాత్రమే ఎక్కువ ఉండాలి, కంటికి మాత్రం ఇంకా చాలా ఎక్కువ కనిపిస్తోంది. మనం రోజూ చూసే ఇప్పటి కార్ల వెడల్పే కంటికి మామూలైపోయింది కదా, గీసే చెయ్యి కూడా అటే పోతుంది.

సరిచేయడానికి ఎక్స్ అక్షం మీద 0.952తో నొక్కేస్తే చాలనిపిస్తుంది. చేయకండి. చక్రాల గుంటలు, దీపాలు, స్టీరింగు అన్నీ కోడిగుడ్లవుతాయి. పక్క గోడలకి చెందిన ఎడ్జ్ లూప్‌లని (వరసగా కలిసిన అంచుల గీతల్ని) మాత్రం పట్టుకుని ఒక్కో వైపు 42.5 మి.మీ. లోపలికి జరపాలి. ఫెండర్ ఉబ్బు మొత్తం పోయింది. పోతేనే ఆ కాలం కనబడింది.

లెక్క: బ్లాకౌట్ 1,150 ట్రయాంగిల్స్. దీన్ని చెరిపేయకుండా విడిగా దాచండి, చివర్లో పనికొస్తుంది.

దశ 2: నీడ పరీక్ష

బ్లాకౌట్‌ని నల్లగా నింపి, 64 పిక్సెళ్ళ ఎత్తుకి తగ్గించి, జపాన్ కార్లు బాగా తెలిసిన ఒక మిత్రుడికి చూపించాను. సెకను పట్టలేదు, "మార్క్ 2 కదా" అన్నాడు. నీడలోనే దొరికిపోతే పైన ఏ గ్రిల్ పెట్టినా లాభం లేదు.

అప్పుడు రెండు జాబితాలు రాసుకున్నాను. ఒకటి అందరివీ, రెండోది ఒక్కరివి.

అందరివి: పలక బానెట్, సన్నటి పిల్లర్లు (పైకప్పుని మోసే స్తంభాలు), కిందకున్న కిటికీ గీత, తలుపు మధ్యలో రబ్బరు పట్టీ, కాషాయం ఇండికేటర్లు, కిటికీ పైన పొగరంగు వాన రేకులు, వెనక సీటుకి తెల్లటి లేసు తొడుగులు. వీటిని ఎంతైనా వాడుకోవచ్చు, ఏ ఒక్క కంపెనీనీ గుర్తుచేయవు.

ఒక్కరివి: స్కైలైన్ వెనక నాలుగు గుండ్రటి దీపాలు, సెంచురీ ఫీనిక్స్ గుర్తు, క్రౌన్ కిరీటం, ఇంకా పేర్లు, ట్రిమ్ పేర్లు (ఒకే కారులో మెట్టుమెట్టుకీ పెట్టే పేర్లు). వీటి జోలికి వెళ్ళకూడదు. డిజైన్ రిజిస్ట్రేషన్లకి కాలపరిమితి ఉంటుంది, జపాన్‌లో ట్రేడ్‌మార్క్‌ని మాత్రం పదేళ్ళకోసారి పొడిగించుకుంటూ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. కారు ఆగిపోయింది కదా, బ్యాడ్జికి దిక్కెవరు అనుకోవద్దు. చట్టం సంగతి లాయరే చెప్పాలి గానీ, నేను పెట్టుకున్న నియమం ఇది: ఒక భాగం చూడగానే నోట్లోకి కారు పేరు వచ్చేస్తే ఆ భాగం తీసేయాలి.

నీడలో మార్చినవి మూడు. వెనక పిల్లర్ అడుగున 410 మి.మీ. వెడల్పుండేది, 330కి తగ్గించి, అక్కడ మూడో కిటికీ తెరిచాను. డిక్కీ మూత 25 మి.మీ. పైకి లేపాను. ముందు అద్దం వాలు కాస్త నిటారు చేశాను. మళ్ళీ చూపిస్తే ఈసారి మూడు పేర్లు చెప్పి, దేని మీదా నిలబడలేదు. నాక్కావలసింది అదే.

పేర్ల దగ్గర కూడా ఇదే గొడవ. ఇటలీ ఊరి పేరు హుందాగా ఉంటుందని వెరోనా అనుకున్నాను. వెతికితే బ్రెజిల్‌లో ఫోర్డ్ వెరోనా ఉంది, అమెరికాలో సుజుకి వెరోనా ఉంది. ఊళ్ళు, గాలులు, రాజ బిరుదులు, పూలు, అన్నిటినీ ఎవరో ఒకరు పట్టేసుకున్నారు. చివరికి అర్థం లేని అక్షరాలే దిక్కయ్యాయి: హార్డ్‌టాప్‌కి ఒపలీనా, ఫ్రేము తలుపుల దానికి కాసెల్లా, ట్యాక్సీకి కాసెల్లా అనే పేరే, ఇంకే బిరుదూ లేకుండా. ట్రిమ్ పేరు మాత్రం మరిచిపోవద్దు. క్రౌన్‌కి రాయల్ సెలూన్, మార్క్ 2కి గ్రాండే, లారెల్‌కి మెడలిస్ట్ ఉన్నట్టు ఏదో ఒక పెద్దమనిషి పేరు డిక్కీ మీద బంగారు రంగులో లేకపోతే కారు బోసిగా ఉంటుంది. నాది "సూపర్ నోబెల్".

దశ 3: తుక్కు కాని పలక

ఒపలీనా పిల్లర్డ్ హార్డ్‌టాప్. అంటే తలుపులకి కిటికీ ఫ్రేములు ఉండవు, అద్దం దించితే తలుపు పైన ఏమీ మిగలదు, మధ్య పిల్లర్ మాత్రం లోపల నల్లగా దాక్కుని ఉంటుంది. 1985లో టయోటా కరీనా ఈడీ 1,310 మి.మీ. ఎత్తుతో వచ్చి హార్డ్‌టాప్ మోజుని ఊపేసింది, దానికైతే మధ్య పిల్లరే లేదు. 1989 లారెల్‌కీ మధ్య పిల్లర్ లేదు. గేమ్‌కి పిల్లర్ ఉన్నదే మేలు, ఎందుకో చెప్తాను.

పిల్లర్ లేని పద్ధతి ముందు ప్రయత్నించాను. ముందు అద్దం, వెనక అద్దం కలిసేచోట రెండు పారదర్శకమైన పలకలు ఒకదాని అంచు ఒకటి ఆనుకుంటాయి. గేమ్ ఇంజిన్ వాటిలో ఏది ముందు గీయాలో కెమెరా కదిలినప్పుడల్లా మార్చుకుంటుంది, అంచు దగ్గర మిణుకుమిణుకు. నల్ల పిల్లర్ వచ్చి మధ్యలో నిలబడితే ఆ అంచు దాని మీద పడి కనపడకుండా పోతుంది. కిటికీ అద్దాలన్నీ ఒకే మెష్‌గా (ట్రయాంగిల్స్ అల్లికగా) కలిపాక మిగిలిన మిణుకూ పోయింది.

పక్క పలక దగ్గర చాలా కాలం గడిచింది. పలక అంటే నిజంగా పలక కాదు. తలుపుని చదునుగా చేస్తే ప్రతిబింబం చచ్చిపోతుంది, రేకు డబ్బాలా ఉంటుంది. కిటికీ గీత నుంచి రబ్బరు పట్టీ దాకా చాలా కొద్దిగా ఉబ్బు ఉండాలి. 15 మి.మీ. ఉబ్బిస్తే తొంభైల నడుమ వచ్చిన సబ్బుబిళ్ళ కార్లలోకి జారిపోయింది. 3 ఇస్తే తెలియలేదు. 6 దగ్గర ఆగాను. పై నుంచి చూసినప్పుడు కూడా గోడ తిన్నగా ఉండకూడదు, ముందు తలుపు మధ్యలో 1,695 ఉంటే బంపర్ మూలల దగ్గర 1,610కి రావాలి.

సొట్టలు వెతికే పద్ధతి:

1. బ్లెండర్‌లో జీబ్రా చారల మ్యాట్‌క్యాప్ (మెరుపు ఎలా పడుతుందో చూపే తాత్కాలిక పూత) పెట్టండి.
2. కారుని నెమ్మదిగా తిప్పండి. చారలు తలుపు నుంచి తలుపుకి విరగకుండా పారాలి.
3. చార ఎక్కడ వంకర పోతే అక్కడ ఒక వెర్టెక్స్ (మెష్‌లో ఒక బిందువు) పక్కకి ఉంది, లేదా ఐదు అంచులు కలిసే చోటు ఉంది.
4. ఐదంచుల చోట్లని పెద్ద పలకల మీద ఉంచకుండా తలుపు గ్యాప్ పక్కకో, పట్టీ కిందకో నెట్టండి.
5. అంచులకి 4 మి.మీ. బెవెల్ (అంచుని కొద్దిగా చెక్కడం), ఆ పైన వెయిటెడ్ నార్మల్ మాడిఫయర్ (పెద్ద పలకల మీద వెలుతురు చదునుగా పడేలా చేసేది). ఈ రెండూ కలిస్తే సబ్‌డివిజన్ (ట్రయాంగిల్స్ పెంచి నునుపు చేయడం) లేకుండానే పలకలు శుభ్రంగా మెరుస్తాయి.

నాలుగో అంకె ఒక్కటే పాటించినా సగం పని అయినట్టే. వెనక చక్రం గుంట పైన ఒకే ఒక్క ఐదంచుల చోటు ఉండిపోయి, సొరంగం దీపాల కింద వెళ్ళిన ప్రతిసారీ అక్కడ చిన్న పొక్కులా మెరిసేది. వెలుతురు మారిందనుకుని ముందు దీపాలని తిట్టుకున్నాను. పొక్కు మెష్‌లో ఉంది.

తలుపు గ్యాపుల విషయం. 5 మి.మీ. గ్యాప్‌ని నిజంగానే తొలిచి పెడితే ఇరవై మీటర్ల దూరంలో అది పిక్సెల్ కన్నా సన్నమై గీతలు వణికాయి. 7కి పెంచాను, అడుగున నల్లగా చేయకుండా ముదురు బూడిద రంగిచ్చాను, దూరపు మోడల్‌లో (కారు దూరంగా ఉన్నప్పుడు వాడే తేలిక రూపంలో) గ్యాప్‌ని పూర్తిగా నార్మల్ మ్యాప్‌కి (వెలుతురుతో లోతు ఉన్నట్టు చూపే బొమ్మకి) వదిలేశాను. దగ్గర్నుంచి 7 ఎక్కువే, నిజమే, కానీ ఆటలో ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. వణుకు మాత్రం అందరికీ కనిపిస్తుంది.

లెక్క: బాడీ 11,800, అద్దాలు 620. మొత్తం 12,420.

దశ 4: ఒక అడుగు మీద మూడు ముఖాలు

మార్క్ 2, చేజర్, క్రెస్టా మూడూ అన్నదమ్ములు. అడుగు ఒకటే, ముఖాలు వేరు, అమ్మే షోరూముల వరసలూ వేరు: టయోపెట్, ఆటో, విస్టా. సెడ్రిక్, గ్లోరియా కూడా అంతే. కంపెనీకి డబ్బు ఆదా అయినట్టే నాకు ట్రయాంగిల్స్, టెక్స్చర్ (మోడల్ మీద అతికే బొమ్మ) మెమరీ ఆదా కావాలి. అందుకే కిటికీ గీతకి కింద ఉన్నదంతా మూడు కార్లకీ ఉమ్మడి. పైభాగం, ముక్కు, తోక మాత్రమే మారతాయి.

కాసెల్లాకి ఫ్రేము తలుపులు, పైకప్పు 40 మి.మీ. ఎక్కువ ఎత్తు. పైకప్పుని అలాగే పైకి లాగితే టోపీ పెట్టినట్టు వచ్చింది. ఎత్తు పెరిగినప్పుడు ముందు అద్దం అడుగు కదలకూడదు, పై అంచు మాత్రం పైకీ, కొంచెం ముందుకీ రావాలి, లేకపోతే వాలు మారిపోతుంది. వెనక అద్దం కూడా అంతే, కాకపోతే వెనక్కి. కిటికీ గీత ఉమ్మడిగా ఉంచడం వల్ల ఈ మార్పంతా గీతకి పైనే ఆగిపోయింది, తలుపుల అడుగు భాగం తాకనక్కర్లేదు.

ముఖాల్లో చెడింది హెడ్‌లైట్. దీర్ఘచతురస్రపు దీపాలు రెండు జతలు పెట్టి మధ్యలో నిలువు గీతల గ్రిల్ పెడితే మూడింటికీ ఒకే ముఖం వచ్చింది, దూరం నుంచి ఏది ఏదో తెలియలేదు. వేరుచేసింది గ్రిల్ డిజైన్ కాదు, క్రోమ్ ఎక్కడ ఆగుతుందన్నది. ఒపలీనాకి గ్రిల్ పైన ఒక సన్న గీత, కాసెల్లాకి చుట్టూ ఫ్రేము, ట్యాక్సీకి అసలు క్రోమే లేదు, నల్ల ప్లాస్టిక్. పదిహేను మీటర్ల నుంచి కంటికి అందేది అంతే.

ట్యాక్సీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మూడింటిలో నాకు ఇష్టమైనది అదే. జపాన్‌లో డోర్ మిర్రర్లకి అనుమతి 1983లో గానీ రాలేదు. అంతదాకా అందరివీ బానెట్ పక్కన ఫెండర్ మీద నిలబడే మిర్రర్లే. తర్వాత సొంత కార్లు మారిపోయినా ట్యాక్సీలు చాలాకాలం వదల్లేదు. వెనక ఎడమ తలుపుని డ్రైవరు తన సీట్లోంచే తెరుస్తాడు, ప్రయాణికుడు చెయ్యి పెట్టక్కర్లేదు. ఒక డిజైన్ ఎంత కాలం బతుకుతుందో చూడాలంటే సెడ్రిక్ చూడండి, 1987లో వచ్చిన ఆ శరీరం ట్యాక్సీగా 2014 దాకా తయారైంది. అందుకే గేమ్‌లో పాత కార్ల మధ్యా కొత్త కార్ల మధ్యా ఒకే ట్యాక్సీ నిలబడితే తప్పు కాదు.

లెక్క: బంపర్లు, దీపాలు, గ్రిల్ కలిపి 5,260. మొత్తం 17,680.

దశ 5: చక్రాలు, ప్లేట్లు, బొమ్మలు

ఆ కాలపు అల్లాయ్ చక్రాల్లో సన్నటి జాలీ డిజైన్ ఉంటేనే అందం. జాలీ మొత్తం మెష్‌గా చేస్తే చక్రానికి 3,600, నాలుగింటికి 14,400, అంటే బడ్జెట్లో దాదాపు సగం. జాలీలో ప్రధాన కడ్డీలు మాత్రం మెష్‌గా ఉంచి, మధ్య అల్లికని ఆల్ఫా (పారదర్శకత ఉన్న) టెక్స్చర్‌గా వేశాను. 1,850కి దిగింది. స్పీడు పెరిగాక ఎలాగూ మసకబారిన డిస్క్ బొమ్మకి మారిపోతుంది.

లెక్క: చక్రాలు 7,400. మొత్తం 25,080.

టెక్స్చర్ మెమరీ: 2048 × 2048 బొమ్మ బీసీ7 కుదింపులో 4 ఎంబీ, మిప్‌మ్యాప్‌లతో (దూరానికి వాడే చిన్న నకళ్ళతో) 5.33. రంగు, నార్మల్, రఫ్‌నెస్ (గరుకుదనం) మూడు కలిపి 16 ఎంబీ. మూడు కార్లకి విడివిడిగా అయితే 48. ఉమ్మడి భాగాలన్నిటికీ ఒకే 2048 సెట్, ఒక్కో కారు సొంత భాగాలకి 1024 సెట్ (4 ఎంబీ) పెడితే 16 + 12 = 28 ఎంబీ.

మెమరీ కోసం కుడి ఎడమ పక్కలకి ఒకే యూవీ (బొమ్మని మోడల్ మీద పరిచే పటం) వాడితే ఏమవుతుందో ఊహించగలరు, ట్యాక్సీ తలుపు మీద జపాన్ అక్షరాలు ఒక వైపు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. రాత ఉన్న చోట్లని వేరే చిన్న పలకలుగా చేసి, తలుపుకి 1 మి.మీ. పైన తేలేలా పెట్టండి. యూవీ మొత్తం విడదీయనక్కర్లేదు.

నంబర్ ప్లేటు: 330 × 165 మి.మీ. సొంత కార్లకి తెల్ల ప్లేటు మీద ఆకుపచ్చ అక్షరాలు, ట్యాక్సీకి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్లవి. మొదట వేసిన బొమ్మలో పైన 500 అని మూడంకెల తరగతి ఉంది, అది పనికిరాదు, మూడంకెలు 1998లో వచ్చాయి. 1988కి రెండంకెలు ఉండాలి. ఎడమ పక్క ఒక హిరగానా (జపాన్ లిపి) అక్షరం ఉంటుంది కదా, అక్కడ ఒక సుళువు ఉంది. షి, హె, న్ అక్షరాలని అక్కడ నిజం ప్లేట్లకి వాడరు. "షి" చావుని గుర్తుచేస్తుంది, "హె" అంటే అపానవాయువు, "న్" ఒంటరిగా పలకలేరు. నా కార్లన్నిటికీ "హె" పెట్టాను. నిజంగా ఎవరి ప్లేటుతోనూ కలవదు, చదవగలిగినవాళ్ళు నవ్వుకుంటారు.

లోపలి భాగం త్వరగా అయిపోయింది: ముదురు ఎరుపు మఖ్మల్ సీట్లు, లేసు తొడుగులు, పలక డ్యాష్‌బోర్డు.

లెక్క: లోపలి భాగం 3,900, అడుగు 640. మొత్తం 29,620. మిగులు 380.

దశ 6: నడక

గోడోలో వెహికల్‌బాడీ3డీ నోడ్ మూలబిందువే గరిమనాభి. కారు మధ్యలో నేల మీద మూలబిందువు పెట్టి తెస్తే మలుపుల్లో రైలు బోగీలా, ఏమాత్రం వాలకుండా పోయింది. నేల నుంచి 0.52 మీటర్ల ఎత్తుకి తెచ్చాను. బరువు 1,400 కిలోలు, ముందు 55 శాతం, వెనక 45. అంటే మూలబిందువు ముందు ఇరుసు నుంచి 0.45 × 2,700 = 1,215 మి.మీ. వెనక ఉండాలి.

సస్పెన్షన్ దగ్గర డిఫాల్ట్ విలువలతో కారు పొట్ట నేలకానింది. ఇందులో స్టిఫ్‌నెస్ (స్ప్రింగు గట్టిదనం) అనే అంకె న్యూటన్లలో లేదు, లోపల కారు బరువుతో గుణించి వాడతారు. కాబట్టి నిలబడ్డప్పుడు ఎంత దిగుతుందో బరువుతో సంబంధం లేకుండా లెక్కేయొచ్చు: దిగుడు = 9.81 ÷ (4 × స్టిఫ్‌నెస్). డిఫాల్ట్ 5.88కి 0.417 మీటర్లు, పొట్ట ఆనక ఏమవుతుంది!

కావలసిన ఊపు నుంచి వెనక్కి వెళ్ళడం మేలు. మెత్తటి సెడాన్ సెకనుకి సుమారు 1.3 సార్లు ఊగాలనుకుందాం.

1. 2 × 3.1416 × 1.3 = 8.17. దాని వర్గం 66.7.
2. నాలుగుతో భాగిస్తే స్టిఫ్‌నెస్ 16.7.
3. దిగుడు 9.81 ÷ 66.7 = 0.147 మీటర్లు.
4. రెస్ట్ లెంగ్త్ (బరువు పడనప్పుడు స్ప్రింగు పొడవు) డిఫాల్ట్ 0.15. దిగుడే 0.147 కాబట్టి మిగిలేది 3 మి.మీ. దాన్ని 0.30 చేసి, చక్రం నోడ్‌ని అంత పైకి జరపాలి.

నాలుగు చక్రాలకీ 16.7 ఇస్తే ముందు 16.2 సెం.మీ., వెనక 13.2 దిగి ముక్కు మూడు సెంటీమీటర్లు వంగింది. బరువు నిష్పత్తిలోనే పంచాలి: ముందు 18.4, వెనక 15.0. అప్పుడు నాలుగు మూలలా 14.7 దగ్గర నిలబడింది. రేసు కార్లకి 50 నుంచి 100 పెట్టమనే సలహా చూసి అదే పెడితే ఇది సెడాన్ అవదు. 50 అంటే సెకనుకి 2.25 ఊపులు, ప్రతి అతుకూ వెన్నులో తగులుతుంది.

గేర్లకి టయోటా ఏ340ఈ ఆటోమేటిక్ నిష్పత్తులు తీసుకున్నాను: 2.804, 1.531, 1.000, 0.705. ఫైనల్ (ఇరుసు దగ్గరి చివరి గేరు) 4.3. టైరు చుట్టుకొలత 1.993 మీటర్లు కాబట్టి 100 కి.మీ. వేగంలో టైరు నిమిషానికి 836 సార్లు తిరుగుతుంది, నాలుగో గేరులో ఇంజిన్ 2,534. ఎక్స్‌ప్రెస్‌వే మీద వినిపించాల్సిన నెమ్మది గొంతు సరిగ్గా అదే. 180 కి.మీ. దగ్గర వేగం ఆపే లిమిటర్. గంటకి దాదాపు 100 కి.మీ. దాటితే "కిన్ కాన్" అని మోగే చైమ్ కూడా పెట్టాను గానీ తీసేయాల్సి వచ్చింది. ఆ చైమ్ తప్పనిసరి అనే రూలు 1986లోనే పోయింది, నా కార్లు 1988వి. వినడానికి భలే ఉంటుంది, అందుకని ఫైలు చెరపలేదు, ఇంకా పాత కారు ఏదైనా చేసినప్పుడు పనికొస్తుంది.

దశ 7: దూరం, చీకటి

దూరపు మోడళ్ళని డెసిమేట్ మాడిఫయర్‌తో (ట్రయాంగిల్స్‌ని తనంతట తగ్గించే పనిముట్టుతో) చేస్తే మొదట పోయేవి సన్న పిల్లర్లే. రెండో మెట్టుకి వచ్చేసరికి ఒపలీనాకి పైకప్పు గాల్లో తేలుతోంది. మొదటి మెట్టుకి (9,800) ఆటోమేటిక్ పద్ధతి సరిపోయింది. రెండో మెట్టుకి దశ 1లో దాచిన బ్లాకౌట్‌నే తెచ్చాను: 1,150, చక్రాలు 96 చొప్పున 384, మొత్తం 1,534. నీడ పరీక్ష దాటింది అదే కదా, దూరం నుంచి కనిపించేది నీడే.

రాత్రి దీపాలకి ఒక్క హెచ్చరిక. టెయిల్ ల్యాంపుల మధ్య పట్టీని కూడా వెలిగిస్తే ముప్పై ఏళ్ళు ముందుకి దూకి ఇప్పటి ఎల్ఈడీ కారైపోయింది. ఆ పట్టీకి వెలుగు ఆపేసి, ప్రతి దీపం లోపల బల్బు ఉండే చోట రెండు ప్రకాశవంతమైన మచ్చలు పెట్టి, అంచులకి వెలుగు తగ్గించాను. తీగ బల్బు చటుక్కున వెలగదు, నిండుగా రావడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. బ్రేకుకీ ఇండికేటర్‌కీ 0.2 సెకన్ల వంపు ఇచ్చి, ఇండికేటర్ నిమిషానికి 85 సార్లకి పెట్టాను. వీడియోలో పక్కపక్కన పెట్టి చూస్తే కారు వయసు పట్టించేది ఈ ఒక్క మార్పే.

మిగిలిన పని

ట్యాక్సీకి మిగులు 380లో పైకప్పు దీపానికి 140, మీటరుకి 60, ఫెండర్ మిర్రర్లకి 180 పోయాయి. సరిగ్గా 30,000. ఇప్పుడు వెనక ఎడమ తలుపు తెరుచుకోవాలి, తెరిస్తే లోపలి అట్ట, తలుపు మందం, సీటు పక్క భాగం కనబడతాయి, వాటికి ఇంకో 210 కావాలి. ట్యాక్సీకి జాలీ చక్రాలు ఎలాగూ అక్కర్లేదు, ఇనప రిమ్ముకి చిన్న కప్పులు చాలు, కానీ చక్రం మెష్ ఉమ్మడి కాబట్టి దాన్ని విడదీస్తే ఇంకో మెష్ మెమరీలో కూర్చుంటుంది. చక్రం లోపలి వైపు ఎప్పుడూ కనపడని ముఖాలు 60 ఉన్నాయి, అవి తీస్తే నాలుగింటికి 240 వస్తాయి, మూడు కార్లకీ లాభమే. ముందు అవి కోస్తాను. తలుపు కీలు గీత మాత్రం ఇంకా కుదరలేదు, నిటారుగా పెడితే తెరిచేటప్పుడు ఫ్రేము పై మూల మధ్య పిల్లర్‌లో దూరుతోంది, 2 డిగ్రీలు లోపలికి వంచి చూడాలి.